మామ రాసిన తీగ అక్షరాలు

మొన్న మా తమ్ముడి మనవరాలు తన పెళ్ళికార్డు ఫోనులో పంపింది. వంకీలు తిరిగిన అక్షరాలు. కొసల దగ్గర సిరా సరిగా అంటనట్టు, గీతల మధ్యలో చిన్న చిన్న గాట్లు పడినట్టు ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసి, "చూసినావా అవ్వా, పాతకాలం అచ్చు మాదిరి లేదూ? కావాలనే అరిగినట్టు చేస్తారంట" అంది. బాగుందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పాలంటే కాస్త ఒళ్ళు మండింది. అక్షరం అరగాలంటే ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు దాని మీదుగా పోవాలో ఈ పిల్లకు తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. తెలిసిన నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది కృష్ణపట్నం రేవుకు దగ్గర్లో, కాలువ ఒడ్డున ఉన్న ఊరు. ఇప్పుడు ఆ దారిలో కంపెనీ బస్సులూ బొగ్గు లారీలూ తప్ప మరొకటి కనిపించదు. నా చిన్నప్పుడు మద్రాసుకు పోవాలంటే ఆ కాలువలో పడవ ఎక్కేవాళ్ళు. కట్టెలు, ఉప్పు, ఎండుచేపలు వేసుకుని పడవలు పోతుంటే ఒడ్డు మీద మనుషులు తాళ్ళు పట్టి లాగేవాళ్ళు. ఆ కట్టను ఆనుకునే మా ఇల్లు. ముందు పెంకుటి వరండా, దాని వెనక మా నాయన అచ్చాఫీసు, ఆ వెనక వంటిల్లు. అచ్చాఫీసులో కాలితో తొక్కే మిషను ఒక్కటి, గోడ పొడవునా గళ్ళ పెట్టెలు, ఆ గళ్ళలో సీసపు అక్షరాలు. మనుబోలు నుంచి వాకాడు దాకా ఎవరింట్లో పెళ్ళి జరిగినా, మనిషి పోయినా, కార్డు కోసం మా వరండా ఎక్కేవాళ్ళు.

అంత దూరం నుంచి వాళ్ళు వచ్చేది మా నాయన పనితనం చూసి కాదు, తీగ అక్షరాల కోసం. అవి మా మామ రాసినవి. మామ అంటే మా నాయన చెల్లెలి భర్త, మా అచ్చాఫీసులోనే అక్షరాలు కూర్చే పని చేసేవాడు. వెదురు పుల్ల చెక్కి సిరాలో ముంచి, ప్రతి అక్షరం తలకట్టునూ తీగలా సాగదీసి, కొసన ఒక మొగ్గ పెట్టి రాసేవాడట. ఆ కాగితాలు మద్రాసు తీసుకుపోయి, అక్కడ అక్షరాలు పోతపోసే ఒక ముసలాయన చేత సీసంలో పోయించుకొచ్చాడు. పెద్ద సైజు అక్షరాలు కాబట్టి ఒక్కొక్కటీ ఆరో ఏడో ఉండేవి, అంతే. కొన్ని వత్తులు మిగిలిపోయాయి. అవి కూడా పోయించాలని కాగితాలన్నీ రేకు పెట్టెలో సర్దుకుని మళ్ళీ పడవెక్కాడు. అప్పుడు నాకు మూడేళ్ళు.

పులికాట్ సరస్సులో ఉండగా గాలివాన పట్టుకుంది. పడవ బోర్లాపడి దొరికింది. పడవవాళ్ళు ఇద్దరు ఈదుకుని గట్టెక్కారు. మామ దొరకలేదు.

దొరకని మనిషి విషయంలో మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. మాది క్రైస్తవ కుటుంబం. సముద్రం పక్క ఊళ్ళు కాబట్టి ఇలాంటివి మాకు కొత్త కాదు. శవం ఉంటే సమాధి ఉంటుంది. లేనప్పుడు అందరికీ పెట్టే జ్ఞాపకార్థ కూడికే ఆధారం. దానికి కార్డు అచ్చు వేయాలి. ఆ కార్డును ఆదివారం పాస్టరుగారు చర్చిలో పైకి చదవాలి. అప్పుడే మనిషి పోయినట్టు. అప్పటిదాకా సంఘం పుస్తకంలో అతను ఉన్నట్టే లెక్క, భార్య అతని భార్యే. మామకు కార్డు వేయలేదు. అత్త వేయనివ్వలేదు. "పని మీద పోయినాడు. పని కాలేదేమో, అందుకే రాలేదు" అనేది. ఎవరూ ఆమెతో వాదించేవాళ్ళు కాదు.

మామ కూర్చునే పీట మీద అత్త కూర్చుంది. ఆడమనిషి అచ్చాఫీసులో పని చేయడం ఏమిటని మొదట్లో కొందరు గొణిగారు గానీ, ఆమె వేళ్ళు గళ్ళ మీద తిరగడం చూశాక నోరు మూసుకున్నారు. చూడకుండానే అక్షరం తీసేది. నేను బడి నుంచి రాగానే ఆమె పక్కన చేరి, అచ్చయిపోయిన కార్డుల అక్షరాలను కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ఏ గడిలోవి ఆ గడిలో వేసేదాన్ని. ఆ కిరసనాయిలు వాసన, సిరా వాసన, తడి కాగితం వాసన నా గౌనుకు ఎప్పుడూ అంటుకునే ఉండేవి. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. సీసం పట్టిన చేతులతో అన్నం ముట్టకూడదని మా అవ్వ కట్టడి. బూడిదా చింతపండూ పెట్టి మా ఇద్దరి చేతులూ ఎర్రబడేదాకా తోమించేది. ఆ తర్వాతే కంచం. మామిడికాయ ముక్కలు వేసిన బొమ్మిడాయిల పులుసు, అదీ ముందురోజుది, వేడి అన్నంలో పడితే మాటల్లేవు. అత్త మాత్రం తినే ముందు ఒకసారి కాలువ వైపు చూసి తినేది. నేను కూడా అలవాటుకొద్దీ చూసేదాన్ని.

చిలిపితనం నాకూ తక్కువేం లేదు. ఒకసారి తీగ అక్షరం ఒకటి గుడ్డలో చుట్టి బడికి పట్టుకుపోయాను. సిరా కూడా కొంచెం ఆకులో తీసుకున్నాను. గుప్పెడు రేగిపళ్ళు ఇచ్చినవాళ్ళకు మణికట్టు మీద ముద్ర. మధ్యాహ్నానికి తరగతిలో సగం చేతుల మీద తీగలు పాకాయి. సాయంత్రం ఒక పిల్ల తల్లి దాని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మా వరండాలోకి వచ్చింది, ఎంత తోమినా పోవడం లేదని. అవ్వ నా వీపు మీద రెండు వేసింది. అత్త కోప్పడలేదు. ఆ పిల్ల మణికట్టు తన చేతుల్లోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్లకు భయమేసి ఏడుపు అందుకునేదాకా వదల్లేదు.

మామ రాత అలా అందరిళ్ళలోనూ ఉండేది. రేవు పక్క పల్లెలో చేపలు పట్టేవాళ్ళ గుడిసెల్లో, చదువు రానివాళ్ళు కూడా తమ పెళ్ళికార్డును అన్నం మెతుకులతో ద్వారబంధానికి అతికించుకునేవాళ్ళు. అవ్వ చేపలకు పంపితే నేనూ అత్తా అటు పోయేవాళ్ళం. ఉప్పుగాలికి కార్డులు పసుపుపచ్చగా అయిపోయి ఉండేవి. అత్త ఒక్కో గుడిసె ముందు ఆగి, ఒక కార్డు చూసి, ఇంకో కార్డు చూసి, కొత్తదేదో పాతదేదో చెప్పేది. అక్షరాలు ఏటేటా అరుగుతున్నాయి. తీగ కొసలు ఒక్కొక్కటే విరుగుతున్నాయి, మొగ్గలు చదునవుతున్నాయి. పాత కార్డులో నిండుగా పడిన గీత కొత్త కార్డులో నడిమికి తెగిపోయి కనిపించేది.

"చూసినావా పాపా, ఈ గీత వణికింది. ఆయన చెయ్యి కూడా అలిసిపోతా ఉండాది. వయసొస్తా ఉండాది కదా" అంది ఒకరోజు.

పట్టపగలు, ఎండలో, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ మాట అంది. అప్పటి నుంచి గడిలో అక్షరం వేయాలంటే నాకు భయంగా ఉండేది. ఎవరిదో వేలు పట్టుకున్నట్టు ఉండేది. మామ ముఖం నాకు గుర్తు లేదు. ఆయన అంటే నాకు ఆ అక్షరాలే. అవి పని చేస్తున్నంతకాలం ఆయన ఎక్కడో ముసలివాడవుతూ బతికే ఉన్నాడని నేనూ నమ్మాను.

నాకు పదో ఏడు వచ్చిన ఎండాకాలం. బడి అయ్యవారు ఒకాయన ప్రశ్నపత్రాలు అచ్చు వేయించడానికి మా దగ్గరికి వచ్చేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. మెత్తని మనిషి. తప్పులు దిద్దడానికని వరండాలో కూర్చుని, నాకు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చి, అత్త వైపు చూడకుండానే అత్తతో మాట్లాడేవారు. అత్త ఆయన కాగితాల్లో తప్పులు పట్టేది. ఒకసారి ఆయనే ప్రశ్న తప్పుగా రాస్తే, "అయ్యవారే ఇట్ట రాస్తే పిల్లలకు మార్కులు ఎవరేస్తారు?" అని నవ్వింది. అత్త నవ్వగా నేను వినడం అదే మొదలు. వంటింట్లో అమ్మ, అవ్వ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పాస్టరుగారు, సంఘ పెద్ద ఒకాయన వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను.

"ఏడేళ్ళు దాటినాయి. ఇంక ఎంతకాలమని ఆ బిడ్డను అట్ట ఉంచుతావు? అయ్యవారు అడిగినాడు. కూడిక పెట్టుకుని, కార్డు చదివిస్తే, ఆ పై నెల పెళ్ళి ప్రకటన చదువుతాను" అన్నారు పాస్టరుగారు.

"నాకు ఇష్టమేనయ్యా. అది ఒప్పుకోవాల కదా" అన్నాడు నాయన.

అత్త తలుపు దగ్గరే నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు చూశారు.

"మీ ఇష్టం అన్నా" అంది. లోపలికి తిరుగుతూ, "కార్డు మాత్రం నేనే కూరుస్తా" అంది.

మర్నాడు మధ్యాహ్నం నాయన కాగితం కొనడానికి నెల్లూరు పోయాడు. అత్త పీట మీద కూర్చుని కార్డు కూర్చడం మొదలుపెట్టింది. ప్రభువునందు నిద్రించిన అనే వరస ఎన్నోసార్లు కూర్చినదే, చకచకా అయిపోయింది. ఆ కింద మామ పేరు. పేరులో మొదటి అక్షరం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అక్షరం తీసింది, వేళ్ళ మధ్య తిప్పింది, పెట్టింది. పూర్తి పేరు కూర్చాక ఆమె ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఆయన చేత్తోనే ఆయన పోయినాడని రాయిస్తా ఉన్నాను పాపా" అంది. కాసేపటికి లేచి, "పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా. చూసొస్తా. నువ్వు ఇక్కడే ఉండు" అని లోపలికి పోయింది.

నేను ఒక్కదాన్నే ఉన్నాను. అత్త చెప్పిన మాట నాకు ఉన్నదున్నట్టే అర్థమైంది. ఈ అక్షరాలు అచ్చయితే మామ చచ్చిపోతాడు. అచ్చు కాకపోతే చచ్చిపోడు. కార్డులో నుంచి ఆ మొదటి అక్షరం లాగాను. దాని గడిలో ఉన్న అవే అక్షరాలు మిగతావన్నీ కూడా తీశాను. అవి లేకుండా ఆ పేరు ఎవరూ తీగ అక్షరాల్లో వేయలేరని నాకు తెలుసు. గుప్పిట బిగించి పెరటి వైపు నుంచి కట్ట ఎక్కి, కాలువలోకి విసిరేశాను. సీసం కదా, ఒక్కటి కూడా పైకి తేలలేదు. ఇంటికొచ్చి చేతులు తోముకున్నాను.

సాయంత్రం నాయన వచ్చి చూస్తే పేరు ముందు ఖాళీ, గడిలో ఖాళీ. పెట్టెలన్నీ దింపి వెతికాడు. మిషను కింద పాకి వెతికాడు. చివరికి నా వైపు తిరిగి నోరు తెరవబోతుంటే, అత్త వంటింటి గుమ్మంలోంచి, "నేనే తీసినా అన్నా. కాలువలో వేసినా" అంది.

నాయన తన చెల్లెలి మీద చెయ్యెత్తలేదు, అరవలేదు. "ముందే వద్దని చెప్పుండొచ్చు కదమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆమెతో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడటం నేను చూడలేదు. నేను అవ్వ చీర చాటున నిలబడి ఉన్నాను. చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

మామూలు అక్షరాల్లో వేసుకుందామని పాస్టరుగారు అన్నారు. అత్త వినలేదు. ఊళ్ళో అందరి కార్డులూ ఆయన అక్షరాల్లో పోయాయి, ఆయన కార్డు ఇంకో అక్షరంలో పోవడానికి వీల్లేదంది. నాయన మద్రాసుకు ఉత్తరం రాశాడు. పోతపోసే ముసలాయన చనిపోయాడనీ, కొట్టు మూసేశారనీ, మూసలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదనీ జవాబొచ్చింది. మామ రాసిన కాగితాలు రేకు పెట్టెతో పాటే పోయాయి. ఇంక దారి లేదు. కార్డు లేదు కాబట్టి కూడిక లేదు, కూడిక లేదు కాబట్టి అత్త ఇంకా మామ భార్యే.

అయ్యవారు రెండేళ్ళు చూశారు. ప్రశ్నపత్రాలు తెచ్చేవారు, వరండాలో కూర్చునేవారు. నేను ఆయన ఇచ్చే పిప్పరమెంటు తీసుకోవడం మానేశాను. ఎందుకమ్మా అని అడిగితే పంటినొప్పి అన్నాను. మూడో ఏడు ఆయన ప్రశ్నపత్రాలు కాక ఇంకొక కాగితం తెచ్చారు. కోట అనే ఊరి వైపు అమ్మాయితో ఆయన పెళ్ళి. తీగ అక్షరాల్లోనే కావాలని, తలదించుకుని అడిగారు. అత్తే కూర్చింది. పెళ్ళికూతురి పేరులో ఆ పోయిన అక్షరం ఉంది. అక్కడ మామూలు అక్షరం పెట్టింది. తీగల మధ్యలో ఆ ఒక్కటీ బోడిగా నిలబడింది.

ఆ తర్వాత అచ్చయిన ప్రతి కార్డులోనూ అంతే. ఆ అక్షరం వచ్చిన చోటల్లా బోడి అక్షరం. ఎవరైనా అడిగితే అరిగిపోయిందని నాయన చెప్పేవాడు. పెళ్ళిళ్ళకు పోతే నేను కార్డు చేతిలోకి తీసుకునేదాన్ని కాదు. తీసుకుంటే నా కళ్ళు ముందు దాని మీదికే పోయేవి. లోపల ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టుండేది. అత్తకు అప్పటికి ముప్పై కూడా లేవు. ఒక మనిషి బతుకును నేను గుప్పిట్లో పట్టుకుపోయి కాలువలో పారేశానని నాకు తెలుస్తూ ఉండేది, పెరిగేకొద్దీ ఇంకా బాగా తెలిసింది.

చివరికి ఆ అక్షరాలు మరీ అరిగిపోయాయి. గీతకు బదులు మరక పడేది. రేవు పక్క పల్లెవాళ్ళు వలలకు సీసం గుళ్ళు కావాలని అడిగితే, నాయన పెట్టె మొత్తం వాళ్ళకు ఇచ్చేశాడు. పల్లెలోనే కరిగించి గుళ్ళు పోశారు. అత్త పోయి చూసొచ్చింది. వచ్చి చేతులు కడుక్కుంది, అన్నం తిన్నది. తినే ముందు కాలువ వైపు చూడలేదు. ఆ గుళ్ళు వలలకు కట్టుకుని వాళ్ళు సముద్రం మీదికి పోయారు. ఇంక ఆమె సముద్రం వైపు చూడటం మొదలుపెట్టింది.

నా పెళ్ళయి, పిల్లలు పుట్టి, నాయనా అమ్మా పోయాక, అత్తను నెల్లూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు, మేనత్తను ఇంత బాగా ఎవరు చూస్తారని. ఆ మెప్పు నాకు గొంతు దిగేది కాదు. ఒకరోజు ఆమె తల దువ్వుతూ, వెనక నుంచి, ముఖం కనపడదు కాబట్టి, చెప్పేశాను. ఆ అక్షరాలు తీసింది నేనేనత్తా అన్నాను.

"తెలుసు" అంది.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"వంటింటి కిటికీలోంచి చూసినా. గుప్పిట మూసుకుని కట్ట మీద పోతా ఉన్నావు. పిలిస్తే ఆగేదానివి."

"మరి పిలవలేదెందుకు?"

ఒళ్ళో రాలిన వెంట్రుకలు ఏరి ఉండ చుట్టింది.

"పిలిస్తే అయ్యవారిని చేసుకోవాల. పిలవకపోతే ఈయన కోసం చూడాల. రెండిట్లో ఏది కావాలో నాకే తెలీలేదు పాపా. నీ మీద వదిలేసినా."

నాకు జాలి కలగలేదు. కోపమొచ్చింది. పదేళ్ళ పిల్ల మీదనా అన్నాను. నలభై ఏళ్ళుగా నేను మోస్తున్నది ఏమిటో తెలుసా అన్నాను. నేను తినే ప్రతి పెళ్ళి భోజనంలో ఇది ఉందన్నాను. ఆమె అన్నీ విన్నది.

"నువ్వు చెప్తావేమోనని నేను చూసినా. నేను చెప్తానేమోనని నువ్వు చూసుంటావు. ఇద్దరం అట్టే ఉండిపోయినాం" అంది. "తల దువ్వు. చిక్కు తీయకుండా వదిలేస్తే నొప్పి."

దువ్వాను. ఏడుస్తూనే దువ్వాను. ఆ రోజు తర్వాత మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కోపం పూర్తిగా పోయిందని చెప్పను. ప్రేమా కోపమూ కలిసే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఎండలు ముదిరిన ఒక ఉదయం అత్త వెళ్ళిపోయింది. జ్ఞాపకార్థ కూడిక కార్డు వేయించాల్సింది నేనే. కంప్యూటర్ షాపులో కూర్చున్నామె నూటొక్క రకాల అక్షరాలు చూపించింది. అన్నిటికన్నా సాదావి ఎంచుకున్నాను. అత్త పేరు, ఆ కింద ఫలానా వారి భార్య అని మామ పేరు. కార్డు నమూనా తీసుకుని పాస్టరుగారి దగ్గరికి పోయాను. ఈయన కుర్రవాడు, మా కథలేవీ తెలియవు. కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివారు.

"అంతా బాగుందమ్మా. భర్తగారి పేరు ముందు లేటు అని వేయడం మరిచిపోయినట్టున్నారు" అన్నారు.

"మరిచిపోలేదయ్యగారూ" అన్నాను. "ఆయన కార్డు ఇంకా చదవలేదు."

ఆయన కార్డు మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో ఆ కార్డును ఉన్నది ఉన్నట్టే చదివారు.